ఇంట్లో షాట్‌గన్... ఎవరి చేతికి సరిపోవాలి?

2013 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జో బైడెన్ ఇంటి రక్షణ గురించి ఒక సలహా ఇచ్చారు. ఏఆర్-15 లాంటి రైఫిల్ ఎందుకు, షాట్‌గన్ కొనుక్కోండి అన్నారు. తన భార్య జిల్‌కూ అదే చెప్పానన్నారు. ఏదైనా గడబిడ అనిపిస్తే డబుల్ బ్యారెల్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి బయటికి రెండుసార్లు పేల్చమన్నారట. ఆ మాట మీద అప్పట్లో జోకులూ నడిచాయి, కేసూ నడిచింది. అదే ఏడాది వేసవిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో ఒకాయన తన వాహనాల దగ్గర తచ్చాడుతున్నవాళ్ళను తరమడానికి షాట్‌గన్ గాలిలోకి పేల్చాడు. పోలీసులు పట్టుకుంటే బైడెన్ చెప్పినట్టే చేశానన్నాడు. కేసు మాత్రం తప్పలేదు.

సలహా మంచిచెడ్డలు అటుంచితే, అందులో ఒక విషయాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తుపాకీ సంగతి తెలిసింది భర్తకు. అవసరం వస్తే పేల్చాల్సింది భార్య.

అమెరికాలో స్థిరపడిన తెలుగు, హైదరాబాదీ కుటుంబాల్లో ఇప్పుడు సరిగ్గా ఇదే పరిస్థితి కనబడుతోంది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కోల్లో, షికాగో శివార్లలో, న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళలో ‘ఒకటి ఇంట్లో ఉంచుకుంటే పోలా’ అనే మాట వినబడుతోంది. ఇది మనవాళ్ళ ఒక్కళ్ళ సంగతి కాదు. 2019 మొదలు 2021 ఏప్రిల్ వరకు అమెరికాలో దాదాపు 75 లక్షల మంది జీవితంలో మొదటిసారి తుపాకీ కొన్నారని ఒక జాతీయ సర్వే లెక్కగట్టింది. వాళ్ళలో ఇంచుమించు సగం మంది ఆడవాళ్ళు.

భయం ఊరికే రాలేదు

2015 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో కొత్తగా పెళ్ళైన ముస్లిం జంటనూ, భార్య చెల్లెలినీ పక్కింటివాడు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే కాల్చి చంపాడు. 2023 అక్టోబర్‌లో ఇల్లినాయ్‌లోని ప్లెయిన్‌ఫీల్డ్ దగ్గర ఆరేళ్ళ పాలస్తీనా సంతతి పిల్లవాణ్ణి ఇంటి ఓనరే కత్తితో పొడిచి చంపాడు. తల్లికీ గాయాలయ్యాయి. 2025లో కోర్టు అతనికి 53 ఏళ్ళ శిక్ష వేసింది. ఈ రెండు ఘటనలూ ఇళ్ళ మధ్య జరిగాయి, చేసినవాళ్ళు ముఖపరిచయం ఉన్నవాళ్ళే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేథ్‌లో మన తెలుగు ఇంజనీర్ హత్య జరిగింది ఇంట్లో కాదు, బార్‌లో. బీరువాలో ఉన్న తుపాకీ అక్కడ ఎవరికీ అక్కరకు వచ్చేది కాదు.

ఇక బంగారం. దక్షిణాసియా కుటుంబాల ఇళ్ళలో నగలు ఉంటాయని దొంగలకు బాగా తెలుసు. 2011 నుంచి 2014 వరకు ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళనే ఏరి మరీ దోచుకుంది. ఇంట్లో మనుషులుండగానే ఆయుధాలతో చొరబడి, కట్టేసి, బెదిరించి నగలు పట్టుకుపోయేవాళ్ళు. ఏ ఇల్లు కొట్టాలో లిస్టు రాసి ఇచ్చిన హ్యూస్టన్ మహిళకు 2020లో డెట్రాయిట్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళ జైలు వేసింది. ఈ కేసు తెలిసినవాళ్ళకు, పెళ్ళిలో పెట్టిన జేవర్ బ్యాంకు లాకర్లో ఉండాలా ఇంట్లో ఉండాలా అనేది తుపాకీ కంటే ముందు రావాల్సిన ప్రశ్న అనిపిస్తుంది. కానీ అది పెద్దగా చర్చకు రాదు. లాకర్ గురించి మాట్లాడటంలో అంత థ్రిల్ లేదు మరి.

షాపులో తేలని లెక్క

ఇలాంటి జంటను ఒకదాన్ని ఊహించుకుందాం. ఆయన ఐదడుగుల పదకొండు. ఆఫీసు స్నేహితులతో నాలుగైదుసార్లు షూటింగ్ రేంజ్‌కు వెళ్ళాడు. ఆమె ఐదడుగుల ఒకటి. చిన్నప్పుడు ఊళ్ళో బ్యాంకు ముందు గార్డు భుజానికి వేలాడే డబుల్ బ్యారెల్ చూడటం తప్ప తుపాకీతో వేరే పరిచయం లేదు. శనివారం ఇద్దరూ షాపుకు వెళ్తారు. కౌంటర్ వెనకాల మనిషి మాట్లాడేది ఆయనతోనే. ఆయన ఒకటి భుజానికి ఆనించి చూసి, బాగుంది అంటాడు. ఆమె ఫోన్ చూసుకుంటూ నిలబడుతుంది.

కానీ వారంలో మూడు రోజులు క్లయింట్ ఊళ్ళో ఉండేది ఆయన. రాత్రి రెండు గంటలకు పిల్లలతో ఇంట్లో ఒంటరిగా ఉండేది ఆమె. కాబట్టి ఆయన భుజానికి సరిపోయిన తుపాకీ, అవసరం వచ్చిన రాత్రి ఆమె చేతిలోనే ఉండాలి. ఇద్దరికీ కలిపి ఒకటే కొంటున్నప్పుడు అనుభవం తక్కువున్నవాళ్ళ కొలతలతో కొనడమే సరైన పద్ధతి. పొట్టి స్టాక్ ఉన్న తుపాకీని పొడుగు మనిషి కాస్త ఇరుకుగానైనా వాడగలడు. పొడుగు స్టాక్ ఉన్నదాన్ని పొట్టి మనిషి నేరుగా పట్టుకోలేదు. చేతులు చాచి, నడుం వెనక్కి వంచి నిలబడాల్సి వస్తుంది. అలా నిలబడి పేలిస్తే దెబ్బ భుజం మీద పడాల్సింది చెంప మీదో దండ మీదో పడుతుంది. ఒక్కసారి అలా తగిలితే రెండోసారి దాన్ని ముట్టుకోబుద్ధి కాదు.

స్టాక్ అంటే భుజానికి ఆనించే వెనక భాగం. ట్రిగ్గర్ నుంచి దాని చివరి వరకు మామూలు మోడళ్ళలో సుమారు 14 అంగుళాలుంటుంది. సగటు భారతీయ మహిళకు ఇది ఎక్కువ. మాస్‌బర్గ్ 500లో బాంటమ్ అనే పొట్టి స్టాక్ రకం ఉంది, అది 12-13 అంగుళాలకు దిగుతుంది. మిగతా కంపెనీల తుపాకులకు కూడా స్టాక్ మార్పించుకోవచ్చు. అయితే బ్యారెల్‌ను సొంతంగా కోయించడం మాత్రం ఖతర్నాక్ పని. 1934 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గితే దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకపోతే నేరుగా ఫెడరల్ కేసు.

తర్వాత వచ్చేది గేజ్. మన దగ్గర 12 బోర్ అనేదే అక్కడ 12 గేజ్. బ్యారెల్ రంధ్రానికి సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఒక పౌండుకు ఎన్ని తూగితే అంత గేజ్. అందుకే అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 12 గేజ్ రంధ్రం 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్‌ది 15.6. కొత్తవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు 20 గేజ్ ఇప్పించమని షాపుల్లో చెబుతారు. దెబ్బ తక్కువ అని. అది సగమే నిజం. 20 గేజ్ తుపాకులు చాలావరకు తేలిగ్గా ఉంటాయి. తుపాకీ తేలికైతే వెనక్కి తన్నడం పెరుగుతుంది. తేలికపాటి 20 గేజ్ పంప్‌లో బరువైన తూటా వేస్తే, కాస్త బరువున్న 12 గేజ్‌లో తక్కువ దెబ్బ తూటా వేసినదానికంటే ఎక్కువే తన్నొచ్చు. అట్ట మీద అంకె చూసి కాకుండా, రేంజ్‌లో రెండూ అద్దెకు తీసుకుని ఆమెతో పదేసి తూటాలు పేల్పించి చూస్తే అరగంటలో తేలిపోతుంది.

ఇంట్లో రెండు గేజ్‌లూ పెట్టుకోవడం ఇంకో తప్పు. ఆయనకు 12, ఆమెకు 20 అని ముచ్చటపడి కొనేవాళ్ళున్నారు. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్‌లో పడితే జారి బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. వెనకాల 12 గేజ్ తూటా పెట్టి పేలిస్తే బ్యారెల్ పగిలి చేతులు పోతాయి. 20 గేజ్ తూటాలన్నీ పసుపు రంగులో చేసేది ఈ పొరపాటు జరగకూడదనే. చీకట్లో, వణికే చేతులతో రంగు ఎవరు చూస్తారు?

పంప్ తీసుకోవాలా, సెమీ ఆటోమేటిక్ తీసుకోవాలా అనే దాని మీద అమెరికన్లు మనవాళ్ళు బిర్యానీ మీద కొట్టుకున్నంతగా కొట్టుకుంటారు. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 లాంటి పంప్‌లు కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. ఒక్కో తూటా తర్వాత ముందు భాగాన్ని పూర్తిగా వెనక్కి లాగి, పూర్తిగా ముందుకు తోయాలి. అలవాటు లేనివాళ్ళు కంగారులో సగమే లాగుతారు. రెండో తూటా ఎక్కదు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని తుపాకీయే చేసుకుంటుంది. గ్యాస్‌తో నడిచే రకాల్లో భుజానికి తగిలే దెబ్బా తగ్గుతుంది. కానీ బెరెటా 1301 లాంటి మంచిది కొనాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది, పైగా కొన్నింట్లో మరీ తేలికైన తూటాలు సరిగ్గా ఆడవు. డబ్బు పెట్టగలిగితే, సాధన తక్కువ చేసే మనిషికి సెమీ ఆటోమేటిక్ మేలు. బడ్జెట్ లేకపోతే పంప్, దానితో పాటు నెలనెలా రేంజ్ ఖర్చు. అకౌంట్స్ భాషలో చెప్పాలంటే తుపాకీ ధర ఒకసారి పెట్టే పెట్టుబడి, తూటాలు, ట్రైనింగ్, ఇనుప పెట్టె ఖర్చు మళ్ళీమళ్ళీ వచ్చేది. చాలామంది మొదటి పద్దు రాసి రెండో పద్దు మర్చిపోతారు.

గోడలు మన గోడలు కావు

షాట్‌గన్‌కు గురి అక్కర్లేదు, అటువైపు తిప్పి పేలిస్తే చాలు అని ఒక నమ్మకం సినిమాల నుంచి వచ్చింది. ఇంట్లో గది ఈ చివర నుంచి ఆ చివరకు ఐదారు మీటర్లు. ఆ దూరంలో ఛర్రాలు, అంటే తూటాలోని సీసపు గుళ్ళు, అరచేయంత వెడల్పుకు మించి పరుచుకోవు. గురి తప్పితే మొత్తం తప్పుతుంది.

తప్పినవి ఎక్కడికి పోతాయి? హైదరాబాద్‌లో అయితే ఇటుక గోడకు తగిలి ఆగుతాయి. అమెరికా ఇళ్ళలో లోపలి గోడలంటే చెక్క ఫ్రేముకు రెండు వైపులా కొట్టిన అరంగుళం జిప్సం బోర్డులు. బక్‌షాట్ అనే పెద్ద గుళ్ళ తూటాలో ఒక్కో గుండు 8 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. ఒకే తూటాలో అలాంటివి ఎనిమిదో తొమ్మిదో. అవి ఇలాంటి గోడలు రెండు మూడు దాటి అవతల గదిలోకి పోగలవు. అవతల గదిలో పిల్లలో, ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మీ అబ్బాలో పడుకుని ఉంటారు. పిట్టలకు వాడే సన్న ఛర్రాలు వేస్తే గోడలు తక్కువ దాటుతాయి కానీ మనిషిని ఆపుతాయన్న భరోసా లేదు. ఇందులో మధ్యేమార్గం తూటా అంటూ ఏదీ లేదు. ఏ గదిలోంచి ఏ దిక్కుకు కాల్చకూడదో పగటిపూట ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి చూసుకుంటేనే తెలుస్తుంది.

వీసా ఉన్నవాళ్ళకు చట్టం వేరు

ఇంతవరకు చెప్పిన కొలతలన్నీ అమెరికన్ జంటలకూ పనికొస్తాయి. మన జంటలకు మాత్రం షాపులోకి అడుగు పెట్టకముందే ఇంకో మెట్టు ఉంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు ఉంటే ఈ నిషేధం లేదు. భారతీయులకు గ్రీన్ కార్డు క్యూ పదేళ్ళు దాటిపోయిందని అందరికీ తెలుసు. అంటే ఇల్లు కొని, లోన్ కట్టి, ఇద్దరు పిల్లల్ని అక్కడే కని, పన్నెండేళ్ళు పన్ను కట్టినవాడు కూడా ఈ విషయంలో నిన్న దిగిన విద్యార్థితో సమానం.

మినహాయింపులు కొన్నే ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది పట్టుకునేది వేట లైసెన్స్. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ అమల్లో ఉంటే వీసా మీద ఉన్నవాళ్ళూ తుపాకీ కొనొచ్చు. జింకను జన్మలో వేటాడనివాళ్ళు కూడా ఆ కాగితం తీసుకునేది ఇందుకే. టెక్సాస్‌లో ఆ లైసెన్స్ గడువు సాధారణంగా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న రెన్యువల్ మర్చిపోతే, అల్మారాలో తాళం వేసి ఉన్న తుపాకీయే నేరం అవుతుంది. ఈ చట్టం కింద గరిష్ఠ శిక్షను 2022లో 15 ఏళ్ళకు పెంచారు. తుపాకీ నేరంలో దోషిగా తేలితే డిపోర్టేషన్‌కు అదొక్కటే కారణంగా సరిపోతుంది.

జంటలో ఒకరికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి, ఇంకొకరు ఇంకా వీసా మీద ఉన్న ఇళ్ళలో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ పుట్టిపెరిగిన అమ్మాయి, హెచ్-1బి మీద వెళ్ళిన అల్లుడు అనుకుందాం. అమ్మాయి తన పేరు మీద చట్టబద్ధంగా కొనొచ్చు. కానీ తాళంచెవి ఎక్కడుందో, నంబర్ లాక్ కోడ్ ఏంటో భర్తకు తెలిసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయగలిగితే అతని దగ్గర కూడా ఉన్నట్టేనని వాదించే అవకాశం ప్రాసిక్యూటర్‌కు దొరుకుతుంది. చేతిలో పట్టుకోకపోయినా, కావాలనుకుంటే తన అదుపులోకి తెచ్చుకోగల స్థితిని కూడా అక్కడి కోర్టులు ‘కలిగి ఉండటం’గానే చూస్తాయి. అసలు భర్త కోసమే భార్య పేరు మీద కొని ఫారం 4473లో తన కోసమే అని రాస్తే అది వేరే నేరం. ఇద్దరికీ పనికొచ్చే తుపాకీ అన్న ఆలోచనే ఇలాంటి ఇంట్లో చట్టానికి అడ్డం పడుతుంది.

రేంజ్‌లో అద్దె తుపాకీతో సాధన చేస్తే తప్పేంటి అని అడిగేవాళ్ళు రెహైఫ్ కేసు చూడాలి. యూఏఈ నుంచి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వెళ్ళిన యువకుణ్ణి మార్కులు రాలేదని యూనివర్సిటీ తీసేసింది. దాంతో స్టూడెంట్ స్టేటస్ పోయింది. ఆ తర్వాత అతను రేంజ్‌కు వెళ్ళి తుపాకీ కాల్చాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. తన స్టేటస్ చెల్లదన్న సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది. ఆ మాట కోసం అతను ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడో చూస్తే, కాసేపు రేంజ్ సరదాకు అంత ఖరీదు ఎవరూ పెట్టలేరు.

రాష్ట్రాల చట్టాలు దీని మీద అదనం. ఇల్లినాయ్‌లో తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవాలంటే ఎఫ్ఓఐడీ అనే కార్డు కావాలి. న్యూజెర్సీలో కొనడానికే పోలీసుల నుంచి గుర్తింపు కార్డు తీసుకోవాలి. టెక్సాస్‌లో షాట్‌గన్‌కు అలాంటి కార్డులేవీ లేవు. కానీ 17 ఏళ్ళలోపు పిల్లలకు అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే అక్కడ కూడా నేరమే. డాలస్ బంధువు చెప్పిన సలహాను షికాగోలో పాటిస్తే ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

వేట లైసెన్స్ దారిలో జరిగిన ఒక విషాదం తెలంగాణ వాళ్ళకు ఇంకా గుర్తుండే ఉంటుంది. 2024 నవంబర్‌లో జార్జియా రాష్ట్రంలో చదువుకుంటున్న 23 ఏళ్ళ మన విద్యార్థి పుట్టినరోజు నాడే, తన కొత్త వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. పై చదువుకు వెళ్ళిన పిల్లల చేతికి తుపాకీ లైసెన్స్ దొరుకుతుందని అప్పటిదాకా ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు.

ప్రమాదం ఎవరి వైపు తిరుగుతుంది

తుపాకీ వద్దనే హక్కు అనుభవం లేని భాగస్వామికి ఉందా? ఇళ్ళలో జరిగే చర్చల్లో ఈ ప్రశ్నకు చోటు దొరకదు. ‘నీకేం తెలుసు, భయపడకు, నేర్పిస్తాను’ అనే మాటతో ఆగిపోతుంది. లెక్కలు మాత్రం ఆమె భయం వైపే ఉన్నాయి. 2022లో అచ్చయిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనం కాలిఫోర్నియాలో లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించింది. సొంతంగా తుపాకీ లేకపోయినా హ్యాండ్‌గన్ ఉన్నవారితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు హత్యకు గురయ్యే రేటు, తుపాకీ లేని ఇళ్ళవాళ్ళతో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ. జీవిత భాగస్వామి చేతిలో కాల్పులకు బలయ్యే రేటు ఏడు రెట్లు. అలా చనిపోయినవాళ్ళలో 84 శాతం ఆడవాళ్ళు. అది హ్యాండ్‌గన్‌ల లెక్క నిజమే. కానీ బయటి దొంగ నుంచి కాపాడుతుందని తెచ్చిన వస్తువు ఇంట్లోని మనిషి మీదికి తిరిగే తీరు షాట్‌గన్‌కు మారుతుందని నమ్మడానికి ఆధారం కనబడదు.

అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, అరవై రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరక్కపోతే దేశం వదలాల్సిన మనిషి ఉన్న ఇంట్లో ఈ ఒక్క సంగతి మీద భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాల్సి ఉంటుంది. గృహహింస కేసు నడుస్తున్న ఇల్లయితే చట్టమే అడ్డుకుంటుంది. రక్షణ ఉత్తర్వు అమల్లో ఉన్న మనిషి తుపాకీ ఉంచుకోకూడదన్న ఫెడరల్ చట్టాన్ని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు రహీమి కేసులో 8-1 మెజారిటీతో సమర్థించింది. అయితే ఉత్తర్వు రావాలంటే ముందు ఆమె కోర్టుకు వెళ్ళాలి. భర్త వీసా మీద ఆధారపడిన హెచ్-4 భార్యలు ఎంతమంది వెళ్ళగలరు?

తలుపు అవతల ఎవరు

రాత్రి తలుపు కొట్టినవాడు దొంగే కానక్కర్లేదు. 2013 నవంబర్‌లో మిషిగన్‌లోని డియర్‌బార్న్ హైట్స్‌లో తెల్లవారుజామున కారు ప్రమాదం జరిగిన 19 ఏళ్ళ అమ్మాయి ఒక ఇంటి వరండాలోకి వచ్చింది. ఇంటాయన షాట్‌గన్‌తో కాల్చి చంపాడు. మొదట తుపాకీ పొరపాటున పేలిందన్నాడు, కోర్టులో ఆత్మరక్షణ అన్నాడు. 2014లో జ్యూరీ హత్యానేరం ఖాయం చేసింది. 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని హెబ్రాన్ అనే పల్లెలో స్నేహితుల ఇల్లు వెతుక్కుంటూ పొరపాటున వేరే ఇంటి వాకిట్లోకి తిరిగిన కారులో ఉన్న 20 ఏళ్ళ అమ్మాయి కూడా ఇంటి ఓనర్ షాట్‌గన్‌కే బలైంది. కారు అప్పటికే వెనక్కి తిరిగి వెళ్ళిపోతోంది. అతనికి 2024లో 25 ఏళ్ళ నుంచి యావజ్జీవం వరకు శిక్ష పడింది.

ఇద్దరూ ఇంటి రక్షణ కోసమే తుపాకీ ఉంచుకున్నవాళ్ళు. సొంతింట్లో ఉంటే ఎవరినైనా కాల్చొచ్చు అనే ప్రచారం ఎంత ఉన్నా, తలుపు బయట ఉన్న, వెళ్ళిపోతున్న మనిషి విషయంలో జ్యూరీలు వేరే రకంగా ఆలోచించాయి. అందుకే ట్రైనింగ్ ఇచ్చే చాలామంది చెప్పేది ఒకటే. తుపాకీతో దొంగను వెతుకుతూ ఇల్లంతా తిరగొద్దు. పిల్లల్ని ఒక గదిలోకి చేర్చి, తలుపేసి, అక్కడే ఉండి 911కు ఫోన్ చేయాలి. గదిలోకి చొరబడితేనే తుపాకీ మాట. ఈ పద్ధతిలో అనుభవం లేనివాళ్ళకూ పనుంటుంది. ఫోన్ పట్టుకుని అడ్రస్, ఏ గదిలో ఉన్నారు, ఎవరు ఏ రంగు బట్టలు వేసుకున్నారు అన్నది ఆపరేటర్‌కు చెప్పాలి. భర్త ఊళ్ళో లేని రాత్రి రెండు పనులూ ఆమెవే. అందుకే ఫోన్ స్పీకర్ మీద పెట్టి సాధన చేయమంటారు.

బట్టల రంగు ఎందుకంటే, వచ్చే పోలీసులకు ఇంటివాళ్ళెవరో తెలియదు. 2018 జులైలో కొలరాడోలోని అరోరాలో 73 ఏళ్ళ మాజీ సైనికుడు ఇంట్లోకి చొరబడి మనవడి మీద దాడి చేస్తున్నవాణ్ణి కాల్చాడు. కాసేపటికి వచ్చిన పోలీసులు, చేతిలో తుపాకీ ఉందని ఆ పెద్దాయన్నే కాల్చి చంపారు. 2023 ఏప్రిల్‌లో న్యూ మెక్సికోలోని ఫార్మింగ్టన్‌లో పోలీసులు ఒక ఇంటికి బదులు ఎదురింటి తలుపు కొట్టారు. రాత్రిపూట తుపాకీ పట్టుకుని తలుపు తీసిన ఇంటాయన అక్కడికక్కడే చనిపోయాడు. వెనకాలే వచ్చిన భార్య, బయట ఉన్నది ఎవరో తెలియక తనూ కాల్పులు జరిపింది. పోలీసులని తెలిశాక ఆపింది.

గడ్డం ఉన్న భర్త, హిజాబ్ వేసుకున్న భార్య అదే గుమ్మంలో నిలబడితే అధికారి ఎన్ని సెకన్లు ఆగుతాడన్నది మన కుటుంబాలు వేసుకోవాల్సిన ఇంకో లెక్క. పోలీసులు లోపలికి వచ్చే సమయానికి తుపాకీ చేతిలో ఉండకూడదు. తూటా గదిలో తూటా లేకుండా మంచం మీదో నేల మీదో పెట్టి, రెండు చేతులూ ఖాళీగా కనబడేలా పైకెత్తాలి. షాట్‌గన్‌లోంచి తూటా ఎలా తీయాలో ఇద్దరికీ వచ్చి ఉండాలి. రేంజ్‌లో ఆమెకు పేల్చడానికి ముందు నేర్పించాల్సింది అదే.